స్క్రీన్‌ను కడిగేసే వేళ

ఫ్రేముకు బిగించిన సన్నని వల (స్క్రీన్) గుండా రంగును కాగితం మీదికి దించే స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకున్న మొదటి ఏడాది నేను అచ్చువేసిన ఒక మూడు రంగుల బొమ్మ 40 ప్రతుల దగ్గర ఆగిపోయింది. కాగితం అయిపోలేదు, రంగు అయిపోలేదు, చేతులూ అలసిపోలేదు. 40 అని ముందే అనుకున్నాం కనుక ఆగిపోయింది. ఎడిషన్, అంటే ఒక బొమ్మకు వేయదలచిన ప్రతులన్నీ, ముగిసిందనడానికి గుర్తుగా స్క్రీన్‌ను కడిగేయమని మాకు పని నేర్పిన పెద్దాయన చెప్పారు. వల రంధ్రాల్ని మూసి బొమ్మ ఆకారాన్ని నిలిపే ఎమల్షన్ పూతను కరిగించే ద్రావణం పూసి, కాసేపు ఆగి, నీటిని గట్టిగా చిమ్మితే, రెండు రోజులు కూర్చుని తయారుచేసిన బొమ్మ రెండు నిమిషాల్లో పొరలు పొరలుగా ఊడి నీళ్లతో పాటు వెళ్లిపోయింది. ఫ్రేమును వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ వలలో బొమ్మ నీడ మాత్రం లేతగా మిగిలి ఉంది. ఆ స్క్రీన్ అప్పటికి ఏమాత్రం చెడలేదు. మరో 400 ప్రతులు లాగినా మొదటి దానికీ చివరి దానికీ తేడా చెప్పడం కష్టమయ్యేది. బొమ్మ బాగుందని అడిగినవాళ్లకు లేదని చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ తడి ఫ్రేము నాకు గుర్తొచ్చేది.

వీధి కళ గురించీ, దాని నుంచి పుట్టిన పరిమిత ఎడిషన్ స్క్రీన్ ప్రింట్ల గురించీ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఫ్రేము దగ్గరే మొదలవుతుంది. గోడ మీది బొమ్మకు ఉన్న పరిమితి నిజమైనది. వాన పడుతుంది, ఎండ కాస్తుంది, భవనం యజమాని సున్నం వేయిస్తాడు, మరో చిత్రకారుడు దాని మీదనే తన బొమ్మ వేస్తాడు. స్క్రీన్ ప్రింటుకు ఉన్న పరిమితి అలాంటిది కాదు. అది ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. నిర్ణయమైనప్పుడు దానికి కారణం చెప్పవలసిన బాధ్యత కూడా ఆ మనిషి మీదనే ఉంటుంది. వీధి పేరు చెప్పుకుని వచ్చిన కళలో ఈ బాధ్యతను చాలామంది తప్పించుకున్నారని నా అభిప్రాయం.

ఎడిషన్‌కు సంఖ్య వేయడం అనే ఆచారం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. రాగి రేకు మీద సూదితో నేరుగా గీసే డ్రైపాయింట్ పద్ధతిలో గీత పక్కన లేచే సన్నని లోహపు అంచు రంగును పట్టి ఉంచి, ముద్రకు మఖమలు లాంటి నలుపునిస్తుంది. ప్రెస్సు కింద ప్రతిసారీ నలిగి ఆ అంచు అరిగిపోతుంది. కొన్ని పదుల ప్రతులు దాటేసరికి బొమ్మ పలచబడుతుంది. కాబట్టి తొలి ప్రతులకు ఎక్కువ విలువ ఉండటంలో న్యాయం ఉంది. 19వ శతాబ్దంలో రాగి రేకుకు ఉక్కు పూత పూయడం వచ్చాక ఆ అరుగుదల చాలావరకు తగ్గింది. ఫోటో సాయంతో ముద్రించే పద్ధతులు కూడా ఆ కాలంలోనే పెరిగాయి. సరిగ్గా ఆ దశలోనే అచ్చుబొమ్మల అంచున పెన్సిల్ సంతకాలూ, ఆ తర్వాత ఇన్నింటిలో ఇన్నోది అనే సంఖ్యలూ స్థిరపడటం మొదలైంది. అంటే వస్తువులోని కొరత పోతున్న కాలంలోనే కాగితం మీద కొరత రాయడం మొదలైంది. ఇది నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే విషయం.

స్క్రీన్ ప్రింటు ఈ చరిత్రలోకి ఆలస్యంగా, అదీ వాణిజ్యం దారిన వచ్చింది. మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ 1907లో పట్టుబట్ట ద్వారా అచ్చువేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దుకాణాల బోర్డులకూ, ప్రకటనలకూ, బట్టల మీద అచ్చులకూ అది పనికొచ్చింది. ఫ్రేముకు బిగించిన సన్నని వల మీద అక్కర్లేని చోట్ల రంధ్రాలు మూసి, తెరిచి ఉన్న చోట్ల నుంచి రబ్బరు అంచున్న స్క్వీజీతో రంగును కిందికి లాగడమే ఇందులోని కిటుకంతా. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి, ప్రతి రంగూ ముందు రంగు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. బొమ్మ ఆకారం కత్తిరించిన అట్టతో వేసే స్టెన్సిల్ అంటే కూడా ఇదే కదా అని ఎవరికైనా తోస్తుంది. అవును, గోడ మీద అట్టముక్క పెట్టి స్ప్రే కొట్టేవాడికీ, వల మీద స్క్వీజీ లాగేవాడికీ మధ్య ఉన్నది చుట్టరికమే. ప్యారిస్‌లో బ్లెక్ ల రాట్ 1981 నుంచి గోడల మీద ఎలుకల్ని పరుగెత్తించినా, అతని తర్వాత ఎందరో అదే దారి పట్టినా, వాళ్ల బొమ్మలు కాగితం మీదికి అంత సులువుగా దిగడానికి కారణం ఈ చుట్టరికమే. ఇద్దరూ ఆలోచించేది నిండు రంగు పలకల్లోనే, ఇద్దరూ వెతికేది తొందరగా మళ్లీ మళ్లీ వేయగలిగే గీతనే.

మళ్లీ మళ్లీ వేయగలగడం అన్న ఆ గుణాన్ని నిజాయితీగా వాడుకున్న ఘట్టం ఏదని నన్ను అడిగితే 1968 మే నెలలో ప్యారిస్‌ను చూపిస్తాను. లలితకళల కళాశాలను ఆక్రమించిన విద్యార్థులూ కళాకారులూ అక్కడ ప్రజా కార్యశాల పేరుతో పోస్టర్లు వేయడం మొదలుపెట్టారు. మొదటి పోస్టరును రాతి మీద లిథోగ్రాఫ్‌గా వేస్తే 30 ప్రతులు వచ్చాయి. ఆ వేగంతో వీధిని అందుకోవడం కుదరదని స్క్రీన్ ప్రింటుకు మారారు. ఏ పోస్టరు వేయాలో అందరూ కూర్చుని తేల్చుకునేవారు, ఎవరూ సంతకం పెట్టేవారు కాదు, రాత్రి అచ్చయినవి తెల్లవారేసరికి గోడలెక్కేవి. జూన్ 27న పోలీసులు వచ్చి ఖాళీ చేయించేదాకా అది నడిచింది. ఆ పోస్టర్లను అలంకారానికి వాడటమన్నా, కళా ప్రదర్శనశాలల్లో వేలాడదీయడమన్నా వాటి పనినీ ప్రభావాన్నీ దెబ్బతీయడమేనని వాళ్లు స్పష్టంగా ప్రకటించారు. ఈ రోజు అవే పోస్టర్లు మ్యూజియంలలో ఉన్నాయి, వేలంపాటల్లో అమ్ముడుపోతున్నాయి. దీన్ని నేను వాళ్ల ఓటమి అనను. వాళ్లు వేయవలసినన్ని వేశారు, గోడలకు అంటించవలసినన్ని అంటించారు. ఆ తర్వాత మిగిలినవి అరుదైతే అది కాలం చేసిన పని. కాలం చేసిన కొరతతో నాకు పేచీ లేదు.

అదే దశాబ్దంలో లాస్ ఏంజెలెస్‌లో కోరిటా కెంట్ అనే సన్యాసిని స్క్రీన్ ప్రింట్లు వేస్తూ, ప్రకటనల్లోని అక్షరాల్నీ దుకాణాల పాకెట్ల మీది మాటల్నీ ప్రార్థనలుగా, యుద్ధ వ్యతిరేక నినాదాలుగా మార్చింది. తన పని సామాన్యులకు అందాలన్న పట్టుదలతో ప్రింట్లను చౌకగా అమ్మేది. న్యూయార్క్‌లో ఆండీ వార్హోల్ కూడా అదే పరికరాన్ని 1962 నుంచి పట్టుకున్నాడు. సరుకుల తయారీని అనుకరించడమే తన కళ అన్నట్టు కనిపించిన వార్హోల్, 1967లో వేసిన మార్లిన్ మన్రో ముఖచిత్రాల సంపుటికి మాత్రం 250 అని హద్దు గీశాడు. ఫ్యాక్టరీలో తయారైనట్టు కనబడాలి, కానీ ఫ్యాక్టరీ అంత విరివిగా దొరకకూడదు. తర్వాతి తరం వీధి కళాకారుల్లో ఎక్కువమంది వారసత్వంగా తీసుకున్నది కోరిటా పద్ధతిని కాదు, వార్హోల్ పద్ధతిని.

కీత్ హేరింగ్ విషయంలో మాత్రం నాకు గౌరవం కంటే ఎక్కువైనదేదో ఉంది. 1980 నుంచి 1985 దాకా న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో, గడువు తీరిన ప్రకటనల మీద అంటించిన నల్ల కాగితాలపై అతను తెల్ల సుద్దతో బొమ్మలు గీశాడు. రైలు కోసం ఎదురుచూసే జనం మధ్య, పోలీసుల కంటపడితే జరిమానా తప్పదని తెలిసి కూడా, నిమిషాల్లో ముగించాలి. సుద్ద గీత చెయ్యి తగిలితే చెదిరిపోతుంది, వారం తిరిగేసరికి దాని మీద కొత్త ప్రకటన వచ్చి పడుతుంది. పేరు పెరిగాక ఆ కాగితాల్ని జనం చించుకుపోయి అమ్ముకోవడం మొదలైంది. అతను సబ్‌వే బొమ్మలు ఆపేయడానికి అదొక ముఖ్య కారణం. దానికి అతని జవాబు 1986 ఏప్రిల్‌లో లఫయెట్ వీధిలో తెరిచిన పాప్ షాప్ అనే దుకాణం. చొక్కాలు, బ్యాడ్జీలు, పోస్టర్లు, ఎవరైనా లోపలికి వచ్చి కొనుక్కోగలిగే ధరలకు. కళను బజారుకెక్కించాడని విమర్శకులు చాలామంది అన్నారు. నా దృష్టిలో అతను చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. సబ్‌వేలో ఉచితంగా చూసినవాళ్లకే మళ్లీ అందేలా చూసుకున్నాడు. 1982 జూన్ 12న సెంట్రల్ పార్కులో జరిగిన అణ్వాయుధ వ్యతిరేక సభకు సొంత డబ్బుతో 20,000 పోస్టర్లు అచ్చువేయించి ఊరికే పంచిపెట్టింది కూడా అతనే. ఖరీదైన పరిమిత ఎడిషన్లు కూడా అతను వేశాడు, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ అవి మిగతా పనికి డబ్బు సమకూర్చే ఒక గది లాంటివి. ఇల్లంతా అవే కాలేదు.

ఇక అసలు పేరు బయటపెట్టని బ్రిటిష్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ. ఆయన పేరు లేకుండా ఈ విషయం రాయడం ఎవరికీ సాధ్యం కాదు, పేరు ఎత్తగానే కథలు ముంచెత్తుతాయి. 2018 అక్టోబరులో లండన్ వేలంశాలలో సుత్తి పడిన క్షణాన చట్రంలోంచి కిందికి జారి సగం దాకా చీలికలైన, బెలూను జారవిడిచిన అమ్మాయి బొమ్మ ఉన్న కాన్వాసు సంగతి అందరికీ తెలుసు. సుమారు 10.4 లక్షల పౌండ్లకు పాట పూర్తయిన ఆ వస్తువు, చీలికలతో సహా 2021లో సుమారు 1.86 కోట్ల పౌండ్లకు మళ్లీ అమ్ముడుపోయింది. నాకు అంతకంటే ముఖ్యమైనది అదే బొమ్మకు సంబంధించిన మరో లెక్క. బెలూను జారవిడిచిన ఆ అమ్మాయిని 2002లో థేమ్స్ నది ఒడ్డున వాటర్లూ వంతెన దగ్గర గోడ మీద వేశాడు. ఆ గోడ బొమ్మ ఎప్పుడో పోయింది. 2004 ప్రాంతంలో అదే బొమ్మను స్క్రీన్ ప్రింటుగా వేసినప్పుడు 600 ప్రతులు సంతకం లేకుండా, 150 ప్రతులు సంతకంతో వచ్చాయి. బొమ్మ ఒకటే, రంగులు అవే. 150 కాగితాల మీద మాత్రం పెన్సిల్ ఒక్కసారి ఆడింది. మార్కెట్టులో వాటి ధరల మధ్య ఉన్న దూరం అంతా ఆ పెన్సిల్ గీత పొడవే.

ఆ ప్రింట్లను వేసి అమ్మిన పిక్చర్స్ ఆన్ వాల్స్ అనే సంస్థ 2003లో మొదలైంది. గ్యాలరీల గుమ్మం తొక్కని జనానికి, గ్యాలరీలు పట్టించుకోని కళాకారుల పనిని తక్కువ ధరకు అందించాలన్నది వాళ్ల ఉద్దేశం. 2017 చివర మూసేస్తూ వాళ్లు చెప్పిన కారణం ఇన్నేళ్లలో నేను చదివిన వీడ్కోళ్లన్నింటిలోకీ సూటైనది. తాము అచ్చువేసినవి చివరికి చేతులు మారే సరుకైపోయాయని, కొన్నింటి ధర పదుల వేల పౌండ్లు దాటిందని, ఒకప్పుడు తాము తిట్టిపోసిన కళామార్కెట్టులో భాగం కావడం చేతకాకో ఇష్టం లేకో ఆపేస్తున్నామని అన్నారు. ఆ నిజాయితీకి నేను తల వంచుతాను. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. 750 దగ్గర ఆపకుండా, కావాలన్న వాళ్లందరికీ వేసి ఉంటే? మొదటి నెలలో 5,000 మంది అడిగి ఉంటే 5,000 వేసి ఉంటే? చౌక ధర ఒక్కటే సరిపోదు. చౌక ధరకు పరిమిత సంఖ్యను జోడిస్తే, లాభం కోసం తిరిగి అమ్మేవాడిని మనమే ఇంటికి పిలిచినట్టవుతుంది. బొమ్మ మీద ప్రేమ ఉన్నవాడికీ, తేడా డబ్బు మీద కన్ను ఉన్నవాడికీ మధ్య పరుగుపందెం పెడితే గెలిచేది రెండోవాడే. అతనికి అదే పని.

ఈ విషయంలో బ్యాంక్సీ కార్యాలయం వేసిన ఎత్తులూ తక్కువేమీ కాదు. 2008 నుంచి పెస్ట్ కంట్రోల్ పేరుతో ధ్రువపత్రాలు ఇస్తున్నారు, నకిలీ నోటు ఒకదాన్ని రెండుగా చింపి ఒక ముక్కను పత్రానికి జతచేసి, రెండో ముక్కను తమ దగ్గర ఉంచుకుంటారు. వీధి గోడల నుంచి పెకలించి తెచ్చిన వాటికి మాత్రం ఆ కార్యాలయం పత్రం ఇవ్వదు. లండన్‌లోని వుడ్ గ్రీన్‌లో ఒక దుకాణం గోడ మీది బొమ్మను 2013లో గోడతో సహా కోసి, సముద్రం దాటించి వేలానికి పెట్టినప్పుడు ఆ పరిసరాల జనం ఎంత గొడవ చేశారో గుర్తు చేసుకుంటే, ఆ నియమం ఎందుకో తెలుస్తుంది. గోడ బొమ్మ ఆ వీధిది. 2019లో క్రాయ్‌డన్‌లో దుకాణపు అద్దాల వెనుక వస్తువులు పెట్టి, కొనదలచినవాళ్లు కళ ఎందుకు ముఖ్యమో కొద్ది మాటల్లో రాసి పంపాలన్నారు. బేరగాళ్లను వడకట్టాలన్న ఆలోచన మంచిదే. కానీ వడకట్టవలసిన అవసరం ఎందుకు వచ్చింది? వస్తువులు తక్కువగా చేయడం వల్లే వచ్చింది.

ఈ పరుగుపందెం వీధి కళ దగ్గరే ఆగలేదు. సంగీత కచేరీల పోస్టర్లు, సినిమాల పోస్టర్లు కూడా ఇదే దారి పట్టాయి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒక సినిమాహాళ్ల సంస్థకు అనుబంధంగా పెరిగిన మోండో, పాత సినిమాలకూ కొత్తవాటికీ కళాకారుల చేత స్క్రీన్ ప్రింటు పోస్టర్లు వేయించి, అమ్మకం ఏ నిమిషాన మొదలవుతుందో ముందు చెప్పకుండా ట్విట్టర్‌లో ప్రకటించేది. కొన్ని నిమిషాల్లో అన్నీ అయిపోయేవి, ఆ సాయంత్రానికే అవి రెట్టింపు ధరలకు వేరే చోట కనబడేవి. అచ్చుపని మాత్రం అద్భుతంగా ఉండేది. లోహపు మెరుపున్న రంగులు, ఒకదాని మీద ఒకటి పారదర్శకంగా పడి మూడో రంగును పుట్టించే పొరలు, చూస్తే చెయ్యి వేయాలనిపించే కాగితం. అమెరికా సినిమా అకాడమీ 2011లో ఆ పోస్టర్లను తన భాండాగారంలో చేర్చుకోవడం న్యాయమైన గుర్తింపే. నేను కూడా ఎన్నోసార్లు కంప్యూటర్ ముందు వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. ఒకసారి నాకు ఎంతో నచ్చిన పోస్టరు బుట్టలోకి వచ్చి, చిరునామా రాసేలోపు మాయమైంది. ఆ రోజు పోస్టరు దొరకనందుకు ఎంత బాధపడ్డానో, అది దొరికి ఉంటే దొరకనివాళ్లను తలచుకుని లోలోపల ఎంత పొంగిపోయేవాణ్ణో తెలిసి అంతకంటే ఎక్కువ బాధపడ్డాను. ఒక బొమ్మ నన్ను అలాంటి మనిషిని చేయకూడదు.

షెపర్డ్ ఫెయిరీ 2008లో వేసిన ఒబామా పోస్టరు ఈ రెండు దారులనూ ఒకే కాగితంలో చూపిస్తుంది. 1989లో కళాశాల విద్యార్థిగా ఒక మల్లయోధుడి ముఖాన్ని స్టిక్కరుగా వేసి ఊళ్లకు ఊళ్లు అంటించినవాడు అతను. ఒబామా పోస్టరు తొలి విడతలో 350 ప్రతుల్ని 45 డాలర్ల చొప్పున అమ్మి, మరో 350 ప్రతుల్ని వీధుల్లో అంటించి, వచ్చిన డబ్బుతో మరిన్ని వేస్తూ పోయాడు. కంప్యూటర్‌లోంచి ఎవరైనా ఉచితంగా దించుకునేలా బొమ్మను కూడా విడుదల చేశాడు. ఆ పోస్టరు ఒక ఎన్నికకు ముఖం అయిందంటే, అది ఆ మొదటి 350 మంది కొన్నందుకు కాదు, లెక్కపెట్టలేనంతమంది తమ కిటికీలకు అంటించుకున్నందుకు. ఇందులో ఒక మచ్చ ఉంది, దాన్ని వదిలేయకూడదు. ఆ ముఖం అసోసియేటెడ్ ప్రెస్ కోసం మానీ గార్సియా 2006లో తీసిన ఫోటో నుంచి వచ్చింది. ఏ ఫోటో వాడాడన్న విషయంలో ఆధారాలు మార్చినందుకు 2012లో ఫెయిరీకి కోర్టు రెండేళ్ల ప్రొబేషన్, 300 గంటల సమాజ సేవ, 25,000 డాలర్ల జరిమానా విధించింది. ఉచితంగా పంచడమన్నది మూలకర్త పేరు దాచడానికి సాకు కాదు.

నా వాదనకు ఎదురుగా చెప్పేవాళ్ల మాటల్లో నేను గట్టిగా పట్టించుకునేది ఒకటి ఉంది. చేతితో లాగే ప్రింటుకు శరీరం ఒక హద్దు అన్నది ఆ మాట. 300 ప్రతుల అయిదు రంగుల బొమ్మ అంటే 1,500 సార్లు స్క్వీజీ లాగాలి, ప్రతిసారీ కాగితాన్ని గురుతుల మధ్య సరిగ్గా పెట్టాలి, ఆరబెట్టే అరల్లోకి ఎక్కించాలి, దించాలి. మూడో రోజుకు భుజం మాట వినదు. ఇది నాకు అనుభవంలో ఉన్న నిజం. చిన్న కార్యశాల నడిపే కళాకారుడు 100 దగ్గర ఆగిపోతే, అతని ఓపిక అంతవరకే అయితే, అది నిజమైన పరిమితి. దాన్ని ప్రశ్నించే హక్కు నాకు లేదు. అద్దె కట్టుకోవలసిన యువ కళాకారుడికి 50 ప్రతులు కొంచెం ఎక్కువ ధరకు అమ్మడం తప్ప దారి లేకపోతే అది కూడా నాకు అర్థమవుతుంది. నేను అడిగేది, ఓపికా కాగితమూ గిరాకీ అన్నీ ఉండగా, ధర పెరగాలన్న ఒక్క కారణంతో సంఖ్యను తగ్గించడం గురించి. ఆ పని చేసేవాళ్లు సాధారణంగా వీధిని, విప్లవాన్ని, జనాన్ని అతి ఎక్కువగా తలచేవాళ్లే కావడం నాకు కోపం తెప్పిస్తుంది.

సంఖ్య లేకపోతే కొనేవాడికి భరోసా ఏమిటని మరికొందరు అడుగుతారు. రేపు మళ్లీ 1,000 వేయరని నమ్మకం ఏమిటి? వేస్తే ఏమవుతుందో ఎవరైనా నాకు వివరించాలి. నా గోడ మీది బొమ్మలో నీలం వెలిసిపోతుందా?

సంఖ్యకు బదులు గడువు పెట్టడం ఇప్పుడు కొందరు చేస్తున్నారు. ఒక రోజో, ఒక వారమో తలుపు తెరిచి ఉంచి, ఆ లోపల అడిగిన ప్రతి ఒక్కరికీ వేసి, గడువు తీరాక ఎన్ని వేశారో చెప్పడం. ఇది పూర్తి పరిష్కారమని నేను అనుకోను. వారం తర్వాత పుట్టిన ఇష్టానికి అందులో చోటు లేదు. అయినా గోడ బొమ్మ స్వభావానికి ఇది దగ్గరగా ఉంది. గోడ కూడా అంతే, ఉన్నన్నాళ్లు అటుగా పోయిన అందరికీ ఉంటుంది, లేనినాడు ఎవరికీ ఉండదు. ఎంతమంది చూడవచ్చో ముందే లెక్కకట్టి టిక్కెట్లు ఇవ్వదు.

గత ఏడాది మా కార్యశాలలో నేను, మరో ఇద్దరు కలిసి ఒక రెండు రంగుల బొమ్మను ఈ పద్ధతిలో వేశాం. రెండు వారాల గడువు పెట్టాం. మొదటి రోజు 11 మంది అడిగారు, నాలుగో రోజు ఎవరూ అడగలేదు, చివరి రెండు రోజుల్లో 60 మందికి పైగా అడిగారు. మొత్తం 134 ప్రతులు వేశాం. అంచున సంతకాలు పెట్టలేదు, సంఖ్యలు వేయలేదు, అచ్చయిన నెల మాత్రం చిన్న అక్షరాలతో స్క్రీన్‌లోనే కలిపేశాం. గడువు తీరిన తర్వాత కూడా ఆ రెండు ఫ్రేములనూ కడగకుండా గోడకు ఆనించి ఉంచాం. మూడు నెలల తర్వాత ఒక బడి పంతులమ్మ వచ్చి, తన తరగతి గదికి ఒకటి కావాలని అడిగారు. గడువు మేమే పెట్టాం కనుక మేమే కాసేపు తర్జనభర్జన పడ్డాం. తర్వాత రంగు కలిపి, ఆమె చేతికే స్క్వీజీ ఇచ్చాం. మొదటి లాగులో ఒత్తిడి చాలక ఒక మూల తేలిపోయింది, రెండోది శుభ్రంగా వచ్చింది. ఆమె రెండూ తీసుకెళ్లారు. ఆ ఫ్రేములు ఇంకా గోడ పక్కనే ఉన్నాయి.